యంత్రం గీసిన ఆడమనిషి

(శ్రీకాకుళంలో రచయిత్రులు, స్త్రీల సంఘాల కార్యకర్తలు కలిసి జరుపుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన విషయం "రచయిత్రులు, కృత్రిమ మేధ". పేరు పెద్దది. అందులో నాకు అనుభవం ఉన్నది చిన్న ముక్క మాత్రమే. మాటలు టైపు చేస్తే బొమ్మ గీసిచ్చే యంత్రాలు ఉన్నాయి కదా, రెండేళ్ళుగా కథ రాసుకునే పనిలో వాటిని వాడుతున్నాను. ఈ సంగతి తెలిసిన మిత్రుల్లో కొందరు "అదంతా దొంగసొమ్ము కదా, నువ్వెలా ముట్టుకుంటున్నావు?" అంటారు. ఇంకొందరు "మా సంస్థ రిపోర్టుకు బొమ్మలు కావాలి, అదెలాగో మాకూ నేర్పు" అంటారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. స్త్రీల గురించి రాసేవాళ్ళం, స్త్రీలతో పనిచేసేవాళ్ళం ఈ రెండింటి మధ్య ఎక్కడ నిలబడాలన్నదే నేను మాట్లాడదలచుకున్నది.

ముందు ఆ యంత్రం ఏం చేస్తుందో చెప్తాను. అది ఇంటర్నెట్‌లో వెతికి బొమ్మ పట్టుకొస్తుందని మనలో చాలామంది అనుకుంటున్నారు. వెతకదు, కొత్తగా తయారు చేస్తుంది. ఒక ఫోటో తీసుకుని దాని మీద కొంచెం కొంచెంగా ఇసుక చల్లుకుంటూ పోయారనుకోండి. చివరికి ఏమీ కనబడదు, యాంటెనా ఊడిన టీవీ తెరలా అయిపోతుంది. ఆ చల్లిన ఇసుకను ఎలా వెనక్కి తీయాలో కోట్లాది బొమ్మల మీద యంత్రానికి నేర్పుతారు. నేర్చుకున్నాక వట్టి ఇసుకే దాని ముందు పోసి "ఇందులో ఒక ఆడమనిషి ఉంది, బయటికి తియ్యి" అంటాం. మన మాటలను పట్టుకుని అది ఇసుక తీసుకుంటూ పోతుంది. ఒక మనిషి తేలుతుంది. ఆ మనిషి లోకంలో ఎక్కడా లేదు. కానీ ఎలా ఉండాలన్నది మాత్రం అది ముందు చూసిన బొమ్మలూ, ఆ బొమ్మల కింద ఎవరెవరో రాసిన మాటలూ నిర్ణయిస్తాయి.

2022లో డాల్-ఈ 2, మిడ్‌జర్నీ, స్టేబుల్ డిఫ్యూజన్ ఒకదాని వెనక ఒకటి జనంలోకి వచ్చాయి. వీటిలో స్టేబుల్ డిఫ్యూజన్ ఏం చూసి నేర్చుకుందో కొంతవరకు బయటికి తెలుసు. లయాన్-5బి అనే పెద్ద పట్టిక ఉంది. 585 కోట్ల బొమ్మల చిరునామాలు, వాటి కింది మాటలు అందులో ఉన్నాయి. 230 కోట్లకు పైగా బొమ్మలకు మాటలు ఇంగ్లీషులోవే. ఆ పట్టికలోంచి కొన్ని భాగాలు తీసి యంత్రానికి నేర్పారు. ఇక్కడ ఒక చిత్రం వినండి. బొమ్మలకు అందం మార్కులు వేసే ఇంకో యంత్రాన్ని తయారుచేసి, మంచి మార్కులు వచ్చిన బొమ్మల మీద మరింత శిక్షణ ఇచ్చారు. పెళ్ళిచూపుల్లో కూర్చోబెట్టి మార్కులు వెయ్యడం మనకు కొత్త కాదు గనక ఈ ముక్క చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. 2023 డిసెంబరులో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఆ పట్టికలో పిల్లల మీద జరిగిన లైంగిక అత్యాచారాల బొమ్మలు కూడా ఉన్నాయని బయటపెట్టారు. అప్పుడు దాన్ని వెనక్కి తీసుకుని, అవి తొలగించి, 2024 ఆగస్టులో మళ్ళీ విడుదల చేశారు. అది ఎవరో ఏరి కూర్చిన గ్రంథాలయం కాదు. చెరువులో వలేసి, పడినదల్లా గట్టున పోసుకున్నారు.

అందులో మనం ఎక్కడున్నాం? 2023లో రెస్ట్ ఆఫ్ వరల్డ్ అనే పత్రిక "ఒక భారతీయ వ్యక్తి" అని మిడ్‌జర్నీకి చెప్పి బొమ్మలు తీయించి చూసింది. దాదాపు అన్నిటిలోనూ గడ్డమూ తలపాగా ఉన్న ముసలి మగవాళ్ళే వచ్చారు. వ్యక్తి అంటే మగవాడేనన్నమాట. అదే ఏడాది బ్లూమ్‌బెర్గ్ వాళ్ళు స్టేబుల్ డిఫ్యూజన్‌తో వేలకొద్దీ బొమ్మలు తీయించి లెక్కగట్టారు. న్యాయమూర్తి అంటే వచ్చిన బొమ్మల్లో స్త్రీలు నూటికి ముగ్గురు. అమెరికాలో నిజంగా ఉన్న న్యాయమూర్తుల్లో నూటికి ముప్పై నలుగురు స్త్రీలు. లోకంలో ఉన్న వివక్షను అద్దంలా చూపిస్తుందని కొందరు సమర్థిస్తారు. అద్దమైతే ముప్పైనాలుగు చూపించాలి కదా!

ఇక నా సంగతి. పలాస జీడి కార్ఖానాలో పనిచేసే ఒకావిడ గురించి కథ మొదలుపెట్టాను. ఆ పని తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. జీడిపిక్క పెంకులో ఒక నూనె ఉంటుంది. ఒంటికి తగిలితే చర్మం కాలుతుంది, పొర ఊడుతుంది, నల్లబడుతుంది. ఉడికించిన పిక్కను చిన్న మిషను మీద పెట్టి, చేత్తో పిడి నొక్కుతూ కాలితో తొక్కుతూ రెండు చేస్తారు. పప్పు విరక్కూడదు, విరిగితే ధర పడిపోతుంది. తర్వాత పొట్టు వొలవడం, సైజులు ఏరడం. చాలాచోట్ల కూలి కిలోల లెక్క. చేసేది ఎక్కువగా ఆడవాళ్ళు.

రాసే ముందు నాకు పాత్ర కనబడాలి. ఇదివరకు దాని కోసం బస్టాండులో గంటలకొద్దీ కూర్చునేదాన్ని. ఇప్పుడు అది మానకుండానే యంత్రానికి కూడా చెప్పి చూస్తున్నాను. "పలాసలో జీడిపిక్కలు కొట్టే నలభై అయిదేళ్ళ ఆడమనిషి" అని తెలుగులోనే టైపు చేశాను. పాతికేళ్ళ పిల్ల వచ్చింది. తెల్లటి పిల్ల, పట్టుచీర, ఒడిలో బుట్టనిండా తెల్లటి జీడిపప్పు, ముఖాన చిరునవ్వు. జీడిపప్పు పొట్లం మీద వేసుకోవడానికి పనికొస్తుంది. "నల్లగా ఉంటుంది, అలిసిపోయింది" అన్నాను. రంగు కొంచెం దించి, జుట్టు కొంచెం రేపింది. అలసట అంటే దానికి జుట్టు రేగడమే. "వేళ్ళు నల్లబడి ఉంటాయి" అంటే చేతులకు గోరింటాకు పెట్టింది! "గోరింటాకు కాదు, కాలిన మచ్చలు" అన్నాను. ఈసారి ముఖమంతా కట్లు కట్టి ఆస్పత్రి మంచం మీద పడుకోబెట్టింది. రోజూ కొంచెం కొంచెం కాలుతూ రోజూ పనికి వచ్చే చెయ్యి దానికి తెలియదు. దానికి తెలిసినవి రెండే, పెళ్ళికూతురు చెయ్యి, ప్రమాదంలో పడినదాని చెయ్యి.

పొందూరుకు వెళ్దాం. అక్కడ కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారని మీకు తెలుసు. ఆ సన్నటి పళ్ళ వరసే దువ్వెన. ఎంతో ఓపికతో ఆడవాళ్ళు చేసే పని అది, సన్న నూలుకు మొదటి మెట్టు. యంత్రానికి ఇదంతా వివరంగా చెప్పాను. ఒడిలో పెద్ద చేపను పెట్టుకుని జుట్టు దువ్వుకుంటున్న అమ్మాయిని ఇచ్చింది. ఆ బొమ్మ ఇప్పటికీ నా దగ్గర ఉంది, మనసు బాగోనప్పుడు తీసి చూసుకుంటాను.

ముసలమ్మల సంగతి ఇంకా కష్టం. మా మామ్మ తరంలో చాలామంది రవిక ఎరగరు. చీర కొంగే చుట్టుకుని పొలంలో పని చేశారు, సంతలో బేరాలు చేశారు, ఊళ్ళో తగువులు తీర్చారు. రవిక లేని ముసలమ్మ అని రాస్తే యంత్రం ఇది మా నియమాలకు విరుద్ధం అని గీయడం మానేసింది. మా మామ్మ దానికి అశ్లీలం. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అమ్మలు మన తీరపు ఊళ్ళలో ఇంకా కనిపిస్తారు. దానివల్ల అంగిటి కేన్సర్ వస్తుందని మన ప్రాంతంలోనే పరిశోధనలు చేసి డాక్టర్లు ఎన్నడో చెప్పారు. ఆరోగ్య కార్యకర్తలు పోస్టరు కోసం అడిగితే ప్రయత్నించాను. ఎన్ని విధాల చెప్పినా నిప్పు బయటికే ఉంచుతుంది. చివరికి ఆ పోస్టరును ఒక ఆడపిల్ల పెన్సిలుతో వేసింది.

ఇంతవరకు విని మీరు నవ్వారు. యంత్రాన్ని తిట్టడం సులువు గనక మనం ఇక్కడే ఆగిపోతాం. నాకు మాత్రం అంతకు ముందున్న బొమ్మలు గుర్తుకొస్తాయి. వడ్డాది పాపయ్య గారిది మన శ్రీకాకుళమే, 1921లో ఇక్కడే పుట్టారు. చందమామకు, యువకు ఆయన వేసిన ముఖచిత్రాలు చూస్తూ మన తరం పెరిగింది. ఆ రంగులకు నేను చెయ్యెత్తి దణ్ణం పెడతాను. కానీ ఆ నిండైన వొళ్ళు, ఆ సగం మూసిన కళ్ళు, ఆ నగలు ఉన్న స్త్రీ ఏనాడైనా అలిసిందా? మన ఊళ్ళోనే ఉన్న కథానిలయంలో, 1997లో కాళీపట్నం రామారావు మాష్టారు మొదలుపెట్టిన ఆ గదుల్లో, కూర్చుని పాత పత్రికలు తిరగెయ్యండి. కూలి మనిషి కథకు కూడా నడుము వంపు తిరిగిన బొమ్మ కనిపిస్తుంది. నేను చూసినంతలో వేసినవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళే. కథ రాసిన స్త్రీని బొమ్మ ఎలా ఉండాలని అడిగిన సంపాదకుడు నాకైతే తారసపడలేదు. యంత్రం ఆకాశం నుంచి ఊడిపడలేదు, ఆ చూపునే పెద్ద ఎత్తున మింగి మనకు తిరిగి వడ్డిస్తోంది. ఒక తేడా ఉంది. ఆ చిత్రకారుణ్ణి అడగడానికి నాకు వీలుండేది కాదు. దీన్ని నూరుసార్లు అడగొచ్చు, అది విసుక్కోదు. నేను వాడటం మానకపోవడానికి ఒక కారణం అది.

రెండో కారణం ఇంకా ముఖ్యమైనది. ఆ పలాస బొమ్మలు కొన్ని కాగితాల మీద తీయించి, పిక్కలు కొట్టే ఆడవాళ్ళ దగ్గరికి పట్టుకెళ్ళాను. మామూలుగా మనం వెళ్ళి "మీ సమస్యలు చెప్పండమ్మా" అంటే ఏమవుతుందో మీకు తెలుసు. "ఏటున్నాయమ్మా, బాగానే ఉన్నాం" అంటారు. మనం ఏదో పథకం కోసం వచ్చామనుకుని పెన్షను సంగతి అడుగుతారు. ఈసారి బొమ్మ చూడగానే ఒకావిడ పగలబడి నవ్వింది. "ఓలమ్మ, ఈ యమ్మెవులు? పెల్లికొచ్చినట్టుంది గానీ పిక్కలు కొట్టడానికొచ్చినట్టు లేదు." ఇంకొకావిడ కాగితం లాక్కుని, "కూకోడమే తప్పు. ఇలగ కూకుంటే పూటకి కిలో కూడా అవదు" అని కింద కూర్చుని చూపించింది, ఏ కాలు ఎక్కడుండాలో, నడుము ఎంత వంగుతుందో. ఎంతసేపు అలా కూర్చుంటారని అడిగాను. అక్కడి నుంచి నడుంనొప్పి, దాని నుంచి తూకంలో కోత, విరిగిన పప్పుకు కోసే డబ్బు, మరుగుదొడ్డికి లేస్తే చూసే చూపులు, ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మధ్యాహ్నమంతా సరిపోయింది. వాళ్ళు చెప్పిన దిద్దుబాట్లు టైపు చేసి అక్కడికక్కడే ఫోనులో కొత్త బొమ్మ తీయించాను. మళ్ళీ తప్పు. మళ్ళీ దిద్దారు. మాట్లాడటానికి సిగ్గుపడిన మనిషి దిద్దడానికి సిగ్గుపడలేదు.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఏం జరిగిందో ఈ సభలో చెప్పక్కర్లేదు. అక్షరాస్యత వాచకంలో సీతమ్మ కథ చదివి, అది తమ కథేనని గుర్తుపట్టిన ఆడవాళ్ళు సారా దుకాణం మీదికి వెళ్ళారు. అక్కడ పాఠం తమలా ఉంది గనక కదిలారు. ఇక్కడ బొమ్మ తమలా లేదు గనక మాట్లాడారు. రెండూ ఒకటేనని నేననను. కానీ మీటింగుల్లో పనిచేసే మిత్రులు ఈ తప్పు బొమ్మను వాడి చూడండి.

కథలో కూడా అదే జరిగింది. యంత్రానికి చేతకానిదంతా నేను మాటల్లో పెట్టాల్సినదని నాకు తెలిసింది. ఆ కూర్చునే తీరు, ఆ వేలి కొసలు నా మొదటి చిత్తులో లేవు, రెండో చిత్తులో ఉన్నాయి.

ఆ రోజే ఇంకొకటి జరిగింది. పొట్టు వొలిచే ఒక చిన్నపిల్ల, పందొమ్మిదేళ్ళుంటాయి, తన ఫోను తీసి తన ఫోటో అందులో పెట్టి బొమ్మ చేయించుకుంది. యంత్రం ఆమెను తెల్లగా, సన్నగా, వెనక తాజ్‌మహల్ పెట్టి ఇచ్చింది. ఆమెకు ఎంత సంతోషమో! వెంటనే వాట్సాప్‌లో ముఖచిత్రం చేసుకుంది. నాకు లోపల ఏదో గుచ్చుకుంది. నల్లటి రంగును తుడిచేసే ఆ యంత్రం మీద కోపం వచ్చింది. కానీ రోజంతా పొట్టు మధ్య కూర్చునే పిల్లకు ఒక సాయంత్రం తాజ్‌మహల్ ముందు నిలబడాలనిపిస్తే, వద్దనే అధికారం నాకెవరిచ్చారు? దీనికి సిద్ధాంతంలో జవాబు దొరుకుతుంది. ఆ పిల్ల ముఖం చూస్తూ చెప్పగల జవాబు నాకింకా దొరకలేదు. నా వరకు ఒకటి పెట్టుకున్నాను. ఏ నిజమైన స్త్రీ ఫోటోనూ నేను యంత్రంలో పెట్టను, ఆవిడ సరేనన్నా సరే. ఆ ఫోటో ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటర్లకు వెళ్తుంది. దాన్ని వెనక్కి తెచ్చివ్వడం నా చేతిలో లేదు.

ఇప్పుడు దొంగసొమ్ము మాట. 2023 జనవరిలో అమెరికాలో సారా ఆండర్సన్, కార్లా ఓర్టిజ్, ఇంకొకరు కలిసి ఈ బొమ్మల యంత్రాల కంపెనీల మీద దావా వేశారు. మా బొమ్మలు మమ్మల్ని అడక్కుండా వాడి, మా పద్ధతిలోనే బొమ్మలు తీసి మా కూడు మీద కొడుతున్నారని వాళ్ళ ఫిర్యాదు. 2024 ఆగస్టులో కాపీరైటుకు సంబంధించిన ముఖ్యమైన ఆరోపణలను కోర్టు కొట్టెయ్యకుండా ముందుకు సాగనిచ్చింది. ఇంకో వైపు, యంత్రం ఇచ్చిన బొమ్మ ఎవరిది? క్రిస్ కష్తానోవా అనే రచయిత మిడ్‌జర్నీ బొమ్మలతో ఒక బొమ్మల కథ చేస్తే, 2023 ఫిబ్రవరిలో అమెరికా కాపీరైటు ఆఫీసు మాటలకూ కూర్పుకూ హక్కు ఇచ్చింది, బొమ్మలకు ఇవ్వలేదు. మన 1957 కాపీరైటు చట్టంలో 1994లో చేర్చిన ఒక మాట ఉంది, కంప్యూటరు తయారుచేసిన రచనకు దాన్ని చేయించిన వ్యక్తే కర్త అని. అప్పటికి ఇలాంటి యంత్రాలు లేవు. చేయించిన వ్యక్తి అంటే టైపు చేసిన నేనా, కంపెనీయా? నా బొమ్మను ఇంకెవరైనా తీసుకుపోతే నేను కోర్టుకు వెళ్ళి గెలుస్తానన్న నమ్మకం నాకు లేదు. రచయిత్రులు ఇది గుర్తుపెట్టుకోవాలి. ముఖచిత్రం యంత్రంతో చేయించుకుంటే అది మీ సొంతమని అనుకోకండి.

కాపీరైటు చట్టం చిత్రకారిణి పేరున్న బొమ్మను కాపాడుతుంది. పద్ధతిని కాపాడదు. ఇక్కడ మనకు దగ్గరి ఉదాహరణ సవరలు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు సీతంపేట శ్రీకాకుళం నుంచి పార్వతీపురం మన్యం జిల్లాకు వెళ్ళింది గానీ, కొండలు వాటి చోటనే ఉన్నాయి. సవర ఇంటి ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసే బొమ్మ అలంకారం కాదు. చచ్చిపోయిన పెద్దల కోసమో, జబ్బు తగ్గాలనో, పంట బాగుండాలనో వేస్తారు. ఎవరి కోసం వేస్తారో వాళ్ళకది ఇల్లు. వాళ్ళను పిలిచి, కల్లు పోసి, అడిగి వేస్తారు. వెరియర్ ఎల్విన్ 1955 నాటి పుస్తకంలో దీని గురించి వివరంగా రాశాడు. ఇప్పుడు "ట్రైబల్ పద్ధతి" అని టైపు చేస్తే ఎర్రటి నేల మీద తెల్లటి గీతల మనుషులు వస్తారు. సగం వర్లీ, సగం ఇంకేదో, ఎవరి పెద్దలూ కారు. క్యాలెండర్ల మీద, పెళ్ళి శుభలేఖల మీద అలాంటివే కనిపిస్తున్నాయి. వర్లీ వాళ్ళకు భౌగోళిక గుర్తింపు ఉంది, అది పేరు వరకు అడ్డుకోగలదు. గీతను ఎవరడ్డుకుంటారు? నేను ఏ తెగ పేరూ, బతికున్న ఏ చిత్రకారుడి పేరూ యంత్రానికి టైపు చెయ్యను. దానివల్ల లోకం ఆగదని తెలుసు. ఫ్లెక్సీలు వచ్చి మన ఊళ్ళలో గోడల మీద రాసే పెయింటర్లను ఎలా తినేశాయో చూశాం. వాళ్ళలో ఎంతమంది ఇప్పుడు ఆటోలు నడుపుతున్నారో కూడా చూస్తున్నాం.

ఇక రిపోర్టులకు బొమ్మలు అడిగే మిత్రులకు. దీని మీద నేను గట్టిగానే మాట్లాడతాను. 2021లో కొలంబియాలో ప్రజలు వీధుల్లోకి వచ్చినప్పుడు పోలీసులు చేసిన దౌర్జన్యాల గురించి ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2023లో ప్రచారం చేస్తూ యంత్రంతో చేయించిన బొమ్మలు పెట్టింది. నిరసనకారుల ముఖాలు బయటపడకుండా ఉండటానికని చెప్పింది. ఉద్దేశం మంచిదే. కానీ విమర్శలు వచ్చాయి, బొమ్మలు తీసేసింది. ఎందుకు? అక్కడ నిజంగా తీసిన ఫోటోలున్నాయి, ప్రాణాలకు తెగించి తీసినవాళ్ళున్నారు. వాటి పక్కన ఒక్క కల్పిత బొమ్మ పెట్టినా, ఇదీ అలాంటిదేనేమో అనే సాకు అవతలివాళ్ళకు దొరుకుతుంది.

ఇది మనకు దూరపు సంగతి కాదు. 2010 జులై 14న సోంపేటలో బీల భూముల కోసం, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో, థర్మల్ కేంద్రాలు వద్దన్న జనం మీద పోలీసు కాల్పులు జరిగాయి. ఆ పోరాటాల్లో ఆడవాళ్ళు ముందు నిలబడ్డారు. కాల్పులు జరిగాయనడానికి, ఎవరు ఎక్కడున్నారనడానికి ఫోటోలు, వీడియోలు ఎంత అవసరమయ్యాయో ఆ కేసులతో తిరిగినవాళ్ళు ఈ సభలోనే ఉన్నారు. రేపు ఇంకో ఊళ్ళో ఒక మత్స్యకార స్త్రీ ఫోనుతో తీసిన వీడియోను "ఏఐ" అని ఒక్క మాటతో కొట్టిపారెయ్యవచ్చు. ఆ మాట వాళ్ళ నోటికి మనం అందివ్వకూడదు. అందుకని ఒక సంఘటన జరిగిందని చెప్పే ఏ కాగితంలోనూ యంత్రపు బొమ్మ ఉండకూడదు. బాధితురాలి ముఖం దాచాలంటే చేతులు తీయండి, గుమ్మం తీయండి, వెనకనుంచి తీయండి, గీసి పెట్టండి. గీసిన బొమ్మ గీసినట్టే కనబడుతుంది, ఎవరినీ మోసం చెయ్యదు. యంత్రపు బొమ్మ ఫోటోలా నటిస్తుంది, తేడా అక్కడే ఉంది.

ఇవే యంత్రాల అన్నదమ్ములు ఆడపిల్లల మీద ఏం చేస్తున్నాయో తెలిసిందే. 2023 నవంబరులో ఇంకొక స్త్రీ వీడియో మీద రష్మిక మందన్న ముఖం అతికించి తిప్పారు. అందరూ రష్మిక గురించి మాట్లాడారు. ఆ శరీరం ఎవరిదో ఆవిడకూ అన్యాయం జరిగిందని కొద్దిమందే అన్నారు. సినిమా నటికి జరిగితే దేశం మాట్లాడింది. ఇంటర్ చదివే పిల్లకు జరిగితే ఇంట్లో ఫోను లాక్కుని, చదువు మాన్పించి, పెళ్ళి చేస్తారు. మన దగ్గరికి అలాంటి పిల్ల వస్తే మొదటిపని బొమ్మను చెరపడం కాదు. ఎక్కడ, ఎవరు పంపారో తెరను ఫోటో తీసి దాచాలి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు ఇవ్వాలి. ఐటీ చట్టం 67, 67ఎ సెక్షన్ల పేరు స్టేషనులో మనమే ఎత్తాలి. "ఫోటో నిజం కాదు కదమ్మా, పోనీ" అనే మాట వింటే ఒప్పుకోకండి. అబద్ధపు ఫోటో మీద పెళ్ళి నిజంగానే జరుగుతుంది.

మన పత్రిక సంగతి చెప్పి ముగిస్తాను. సంపాదకవర్గం ముందు ఇదివరకే కొన్ని మాటలు పెట్టాను. యంత్రపు బొమ్మ అచ్చువేస్తే దాని కిందే, వెనక పేజీలో కాదు, "యంత్రంతో చేసినది" అని అదే సైజు అక్షరాల్లో వెయ్యాలి. వార్తకూ నిజనిర్ధారణ నివేదికకూ అసలే వద్దు. కథలకు కావాలంటే రచయిత్రి ఇష్టం. నా పలాస కథకు మాత్రం యంత్రపు బొమ్మ వద్దన్నాను. అడ్డపొగ పోస్టరు వేసిన పిల్లే వేస్తుంది. పిక్కలు కొట్టే ఆడవాళ్ళ పక్కన రెండు రోజులు కూర్చుని వేసుకొచ్చిన పెన్సిలు గీతలు నేను చూశాను. కూర్చునే తీరు సరిగ్గా ఉందని వాళ్ళు ఒప్పుకున్నారు, ఒక్క పిడి పట్టు మాత్రం దిద్దించారు.

ఆ పిల్లకు ఏమిస్తామన్నది ఇంకా తేలలేదు. యంత్రానికి నెలనెలా నేను కట్టే డబ్బు, ఒక బొమ్మకు మన పత్రిక ఆమెకు ఇస్తానన్న డబ్బుకన్నా ఎక్కువగా ఉంది. ఈ మధ్యాహ్నం సంపాదకవర్గం కూర్చున్నప్పుడు మొదట ఆ లెక్కే మాట్లాడాలని కోరుతున్నాను. ప్రశ్నలుంటే అడగండి.